జోన్ పులుపుదా, పెప్టైడ్‌దా: పెరుగు ప్రాజెక్టు డైరీ

జనవరి 17

సంక్రాంతికి ఊరెళ్లి ఇవాళే తిరిగొచ్చాను. హాస్టల్లో అందరూ అరిసెలు, జంతికలు తెచ్చుకుంటే నేను ఐస్ బాక్సులో పెరుగు తెచ్చాను. అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇప్పటికీ దాలిలో పిడకల సెగ మీదే పాలు కాస్తుంది. మధ్యాహ్నానికి మీగడ ఎర్రగా కడుతుంది. సాయంత్రం పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు చేమిరి వేస్తుంది. "ఆ చేమిరి ఎప్పటిది అమ్మమ్మా?" అని అడిగితే, "మీ అమ్మ పెళ్లప్పటిది. మధ్యలో రెండు మూడుసార్లు పక్కింటి నుంచి తెచ్చాలే" అంది.

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు ఇదే. పెరుగులో ఉండే లాక్టిక్ ఆసిడ్ బ్యాక్టీరియా తమ దగ్గరి చుట్టాలైన ఇతర బ్యాక్టీరియాను చంపడానికి చిన్న చిన్న ప్రోటీన్లు (పెప్టైడ్లు) తయారుచేస్తాయి. వాటినే బ్యాక్టీరియోసిన్లు అంటారు. అలాంటి బ్యాక్టీరియాను ఒక్కటైనా పట్టుకోవాలి, అది విడుదల చేసేది నిజంగా పెప్టైడేనని నిరూపించాలి. గడువు ఏప్రిల్ ఆఖరు.

శాంపిళ్లు నాలుగు: అమ్మమ్మ గేదె పెరుగు, హాస్టల్ మెస్ పెరుగు, ఒక ప్యాకెట్ పెరుగు, బస్టాండ్ దగ్గర బండి మీద కొన్న మజ్జిగ.

జనవరి 21

గ్రాము పెరుగును 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, పదో వంతు చొప్పున ఆరుసార్లు పలచన చేసి ఎంఆర్ఎస్ అగార్ (ఈ బ్యాక్టీరియాను పెంచే గట్టి మీడియా) మీద పూశాను. అగార్‌లో ముందే ఒక శాతం కాల్షియం కార్బనేట్ కలిపాను. ఆసిడ్ చేసే కాలనీ చుట్టూ ఆ సుద్ద కరిగి ప్లేటు తేటపడుతుంది, కాలనీ ఎంచుకోవడం తేలిక. మా ల్యాబ్‌లో ఎనరోబిక్ జార్ పాడైపోయి చాలా కాలమైంది. కాబట్టి కొవ్వొత్తి జారే గతి. పెద్ద డెసికేటర్‌లో ప్లేట్లు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే ఆక్సిజన్ కొంత తగ్గి దీపం ఆరిపోతుంది. ఈ బ్యాక్టీరియాకి అది చాలు. 37 డిగ్రీల్లో 48 గంటలు ఉంచాను.

మొత్తం 62 కాలనీలు తీశాను. వాటిలో 5 ఈస్టులు. ఇంకో 9 హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయగానే బుసబుసా పొంగాయి, అంటే పెరాక్సైడ్‌ను విడగొట్టే కెటలేజ్ ఎంజైమ్ ఉంది, మనవి కావు. మిగిలిన 48 గ్రామ్ పాజిటివ్ (గ్రామ్ రంగును పట్టి ఉంచేవి), కెటలేజ్ నెగటివ్. స్లాంట్లకి (వాటిని దాచిన వాలు అగార్ గొట్టాలకి) పేర్లు పెట్టాను: అమ్మమ్మవి "అ", మెస్‌వి "మ", ప్యాకెట్‌వి "ప", బండివి "బ".

జనవరి 25

ఇవాళ ఆనందం పట్టలేకపోయాను. 48లో 33కి జోన్ వచ్చింది, అంటే చుట్టూ ఎదుటి బ్యాక్టీరియా పెరగని తేట వలయం!

ఎవరి మీద పరీక్ష చేశానంటే, లిస్టీరియా ఇన్నోక్యువా మీద. జబ్బు తెప్పించే లిస్టీరియా మోనోసైటోజీన్స్‌ను మా ల్యాబ్‌లో ముట్టుకోనివ్వరు, ఇది దానికి అపాయం లేని చెల్లెలు. పక్క ల్యాబ్ నుంచి స్లాంట్ అడిగి తెచ్చుకున్నాను. సాఫ్ట్ అగార్‌లో దాన్ని కలిపి ప్లేటు పోసి, 6 మిల్లీమీటర్ల బావులు తవ్వి, ఒక్కోదాంట్లో 50 మైక్రోలీటర్ల కల్చర్ ద్రవం పోశాను. కణాల్ని ముందే సెంట్రిఫ్యూజ్‌లో దింపేశాను.

ఫోన్‌లో ఫోటోలు తీసి మా గైడ్ మేడమ్‌కి పంపాను. జవాబు ఒకే ముక్క: "కంట్రోల్ ఏది?"

జనవరి 29

ఈ రోజు నా మొహాన నీళ్లు చల్లినట్టయింది.

మేడమ్ చెప్పినట్టే, బ్యాక్టీరియా వేయని ఖాళీ ఎంఆర్ఎస్ రసాన్ని తీసుకుని, లాక్టిక్ ఆసిడ్ చుక్కలు వేసి పీహెచ్ 4కి తెచ్చి ఒక బావిలో పోశాను. అందులో ప్రాణమున్నది ఏదీ లేదు. జోన్ 14 మిల్లీమీటర్లు. నా "చాంపియన్" కాలనీలకి వచ్చిందీ 13, 14 మిల్లీమీటర్లే.

ఎందుకో తర్వాత కూర్చుని చదివాను. లాక్టిక్ ఆసిడ్ ఒక్కటే కాదు, ఎంఆర్ఎస్‌లోనే లీటరుకి 5 గ్రాముల సోడియం అసిటేట్ ఉంటుంది. దాన్ని కలిపేదే ఇతర సూక్ష్మజీవుల్ని అణచడానికి. పీహెచ్ 4.76 దగ్గర అసిటేట్‌లో సగం అసిటిక్ ఆసిడ్ రూపంలోకి వస్తుంది, అంతకన్నా దిగితే సగం దాటుతుంది. ఆ రూపం కణం పొరలోంచి లోపలికి జారిపోతుంది. అంటే బ్యాక్టీరియా తన ఆసిడ్‌తో మీడియాలో ఉన్న అసిటేట్‌నే వెనిగర్‌గా మార్చి ఎదుటివాణ్ని కొడుతోంది. 1960లో డి మాన్, రొగోసా, షార్ప్ ముగ్గురూ కలిసి తయారుచేసిన మీడియా ఇది. లాక్టోబాసిల్లస్ పెంచడానికి దీన్ని మించింది లేదు గానీ, నాలాంటివాళ్లని బోల్తా కొట్టించడంలోనూ దిట్టే.

పెరుగు బ్యాక్టీరియాకి "యాంటీమైక్రోబియల్ యాక్టివిటీ" ఉందని జోన్ ఫోటోలు పెట్టేసే ప్రాజెక్టు రిపోర్టులు మా డిపార్ట్‌మెంట్ బీరువాలోనే బోలెడున్నాయి. పీహెచ్ సరిచేశామన్న మాట చాలావాటిలో కనపడదు. వాళ్లకి పట్టుబడింది పులుపే. పులుపు సూక్ష్మజీవుల్ని చంపుతుందని మన ఊరగాయ జాడీలకి ఎప్పుడో తెలుసు.

ఫిబ్రవరి 3

ద్రవాలన్నిటినీ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.5కి తెచ్చాను. మొదటి పూట గాఢమైనది వాడాను, ఒక్క చుక్కకే 8.5కి దూకింది. తర్వాత పలచనది వాడి ఓపిగ్గా చేశాను. 33లో మిగిలినవి 4.

ఆ నాలుగింటికీ కెటలేజ్ ఎంజైమ్ కలిపితే ఇంకోటి పోయింది. దాని ఆయుధం హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నమాట. గాలి తగిలేలా పెరిగితే ఈ బ్యాక్టీరియాలో కొన్ని దాన్ని బాగానే తయారుచేస్తాయి. మిగిలినవి మూడు: అ7, అ19, బ2.

ఫిబ్రవరి 6

అసలు పరీక్ష ఇవాళ. పెప్టైడ్ అయితే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌కి లొంగాలి. శాంపిల్ బావి పక్కనే ఇంకో చిన్న బావి తవ్వి అందులో ప్రోటీనేజ్ కె పోశాను. రెండూ అగార్‌లోకి పాకి కలిసేచోట పెప్టైడ్ ముక్కలైపోయి లిస్టీరియా మళ్లీ పెరగాలి. పొద్దున ప్లేటు తీస్తే అ7, అ19 జోన్లు గుండ్రంగా లేవు, ఒకవైపు కొరికిన అప్పంలా, నెలవంకలా ఉన్నాయి. ఎంజైమ్ ఒక్కటే పోసిన బావి చుట్టూ ఏమీ లేదు. బ2 మాత్రం చెక్కు చెదరలేదు. అదేమిటో కనుక్కునే టైమ్ నాకు లేదు, పక్కన పెట్టాను.

నా బెంచ్‌మేట్ ఒక డౌట్ లేవనెత్తింది: "ఫేజ్ అయితే? అది కూడా జోన్ ఇస్తుంది కదా." మంచి ప్రశ్నే. ఫేజ్ అంటే బ్యాక్టీరియాను చంపే వైరస్. ద్రవాన్ని పలచన చేస్తూ పోతే ఫేజ్ అయితే చివర్లో విడివిడి చుక్కలు, ప్లాక్‌లు కనపడతాయి. పెప్టైడ్ అయితే జోన్ మొత్తం ఒకేలా మసకబారుతూ మాయమవుతుంది. చేసి చూశాం. మసకబారింది. చుక్కల్లేవు.

ఫిబ్రవరి 12

పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ల్యాబ్ మెట్ల మీద కూర్చుని పాత పేపర్లు చదివాను.

ఈ కథంతా మొదలైంది పాలతోనే. 1928లో అమెరికాలో రోజర్స్, విట్టియర్ పాలలోని ఒక స్ట్రెప్టోకోకస్ ఇంకో బ్యాక్టీరియాను పెరగనివ్వడం లేదని గమనించారు. 1933లో న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్ అదే సంగతి చీజ్ ముసుగులో చూశాడు: కొన్ని పాలల్లో చీజ్ తోడే పనిచేయడం మానేసింది, కారణం ఆ పాలలోనే ఉన్న వేరే బ్యాక్టీరియా వదిలిన పదార్థం. 1940లలో ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ ఆ పదార్థానికి నిసిన్ అని పేరు పెట్టారు. గ్రూప్ ఎన్ స్ట్రెప్టోకోకస్ (ఇప్పుడు లాక్టోకోకస్ అంటారు) నుంచి వచ్చింది కాబట్టి ఆ పేరు. 34 అమైనో ఆసిడ్లు. 1969లో ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓ సంయుక్త కమిటీ దాన్ని ఆహారంలో వాడొచ్చంది, 1988లో అమెరికా ఒప్పుకుంది. ప్రాసెస్డ్ చీజ్ డబ్బా మీద 234 అనే నంబరు కనపడితే అది ఇదే.

నిసిన్ పనితీరు చదివితే ముచ్చటేస్తుంది. బ్యాక్టీరియా గోడ కట్టుకోవడానికి ఇటుకలు మోసే లిపిడ్ 2 అనే అణువును నిసిన్ పట్టుకుంటుంది. గోడ పని అక్కడే ఆగిపోతుంది. పైగా ఆ అణువునే ఆసరా చేసుకుని పొరలో రంధ్రం వేస్తుంది. ఇ.కోలి లాంటి గ్రామ్ నెగటివ్‌లకి పైన ఇంకో పొర అదనంగా ఉంటుంది కాబట్టి వాటి దాకా ఇది చేరదు.

నా అ7 మైక్రోస్కోప్‌లో జంటలుగా, పొట్టి గొలుసులుగా కనపడుతోంది. లాక్టోకోకస్ కావచ్చు. నిసిన్ దొరికిందేమో అని రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి 19

అ7 ఏ గంటకి ఎక్కువ తయారుచేస్తుందో చూశాను. రెండేసి రెట్లు పలచన చేస్తూ జోన్ కనపడే ఆఖరి మెట్టు పట్టుకోవాలి. 14 గంటలకి 32వ వంతు దాకా జోన్ ఉంది. 50 మైక్రోలీటర్లకి అది కాబట్టి మిల్లీలీటరుకి లెక్క కడితే 640 యూనిట్లు. 48 గంటలకి 160కి పడిపోయింది. తనే వదిలిన ప్రోటీయేజ్‌లు తినేయడమో, తన కణాలకే అంటుకోవడమో జరుగుతుంది. అంటే రాత్రి 7కి ఇనాక్యులేట్ చేస్తే పొద్దున 9కి తీయాలి. నాకు అనుకూలమే.

ఫిబ్రవరి 22

తప్పు చేశాను. అర లీటరు కల్చర్ మొత్తాన్ని, కణాలు దించకముందే, పీహెచ్ 6.5కి తెచ్చేసి ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్ చేశాను. ఎలాగూ న్యూట్రలైజ్ చేయాలి కదా, ముందే చేస్తే పని కలిసొస్తుందనుకున్నాను. పైన తేరిన ద్రవంలో యాక్టివిటీ దాదాపు లేదు. అడుగున దిగిన కణాల ముద్దను, పెల్లెట్‌ను, ఆటోక్లేవ్ కవర్‌లో పడేశాను. పద్నాలుగు గంటల పని మట్టి. స్ట్రెయిన్ గుణం మారిపోయిందేమో అని టెన్షన్.

మార్చి 2

స్ట్రెయిన్‌కి ఏమీ కాలేదు. మళ్లీ కణాలు ముందు దించి చేస్తే 640 వచ్చింది.

ఇప్పుడు అమోనియం సల్ఫేట్, ప్రోటీన్‌ను ద్రవంలోంచి విడగొట్టే ఉప్పు. 4 డిగ్రీల దగ్గర అర లీటరు ద్రవానికి 218 గ్రాములు, 70 శాతం శాచురేషన్ కోసం. చిటికెడు చిటికెడు వేస్తూ కలపడానికి రెండు గంటలు పట్టింది. సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున పెద్దగా ఏమీ లేదు, పైన మాత్రం గోధుమరంగు మీగడలా ఏదో తేలింది. పారబోయబోతుంటే మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపింది. "నీ పెప్టైడ్ అదే. నీళ్లంటే దానికి పడదు. మీడియాలో ట్వీన్ 80 ఉంది చూడు, సబ్బులాంటిది, దానితో కలిసి పైకి తేలింది." స్పాచులాతో ఆ తెట్టును తీసి బఫర్‌లో కరిగించాను. 256వ వంతు దాకా జోన్, అంటే 5120 యూనిట్లు. బాగుంది.

మార్చి 3

రాత్రి డయాలిసిస్‌కి పెట్టాను, అంటే ఉప్పు పోవడానికి సన్నటి కన్నాల ట్యూబ్‌లో పోసి బఫర్‌లో ముంచాను. పొద్దునకి 160 యూనిట్లు. ఐదు వేల నూట ఇరవై నుంచి నూట అరవై!

ట్యూబ్ డబ్బా తిప్పి చూశాను. 12 నుంచి 14 కిలోడాల్టన్ల కటాఫ్, అంతకన్నా చిన్న అణువులు బయటికి పోతాయి. ఇలాంటి పెప్టైడ్లు మామూలుగా 3 నుంచి 6 కిలోడాల్టన్లు ఉంటాయి. జల్లెడ కన్నాలు నూకల కంటే పెద్దవని చూసుకోకుండా నూకలు జల్లించాను. నా పెప్టైడ్ అంతా బకెట్లోని బఫర్‌లోకి వెళ్లిపోయింది, ఆ బఫర్‌ను అటెండర్ బాబాయ్ పొద్దున్నే పాపం శుభ్రంగా సింక్‌లో పారబోశాడు. చిన్న కటాఫ్ ట్యూబ్ ధర చూసి మేడమ్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మార్చి 9

నా తప్పే నాకు దారి చూపించింది.

1992లో యాంగ్, జాన్సన్, రే అనే ముగ్గురు రాసిన పేపర్ దొరికింది. పీహెచ్ 6 చుట్టుపక్కల బ్యాక్టీరియోసిన్ తనను తయారుచేసిన కణాలకే అంటుకుంటుంది, పీహెచ్ 2 దగ్గర వాటిని వదిలేస్తుంది. అంతే వాళ్ల పద్ధతి. ఫిబ్రవరి 22న నేను చేసింది అందులో సగం! పారేసిన పెల్లెట్‌లోనే ఉంది నా సరుకంతా.

ఈసారి కావాలనే అలా చేశాను. కల్చర్‌ను 70 డిగ్రీల్లో అరగంట వేడిచేసి కణాల్ని చంపాను, తినేసే ఎంజైమ్‌లు కూడా పోతాయి. పీహెచ్ 6.5. అరగంట కలిపాను. సెంట్రిఫ్యూజ్. పైది వదిలేసి పెల్లెట్ కడిగి, 10 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లలో వేసి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2కి దించి, 4 డిగ్రీల్లో రాత్రంతా తిప్పాను. పొద్దున మళ్లీ సెంట్రిఫ్యూజ్.

1024వ వంతు దాకా జోన్. ద్రవం పులుపు వల్ల వచ్చిందేమో అని, ఈసారి ఎవరూ అడగకముందే, పీహెచ్ 2 ఉప్పునీళ్ల కంట్రోల్ పక్కనే పెట్టాను. దానికి నాలుగో వంతు పలచనకే జోన్ పోయింది. లెక్క: మిల్లీలీటరుకి 20,480, పది మిల్లీలీటర్లకి 2,04,800. మొదట అర లీటరులో ఉన్నది 3,20,000. అంటే 64 శాతం చేతికొచ్చింది. డయాలిసిస్ లేదు, కిలోల ఉప్పు లేదు.

మార్చి 14

నిసిన్ ఆశ పోయింది. ట్రిప్సిన్ వేస్తే అ7 యాక్టివిటీ పూర్తిగా పోతోంది. నిసిన్ అయితే ట్రిప్సిన్‌కి తట్టుకుంటుంది, కైమోట్రిప్సిన్‌కి లొంగుతుంది. పైగా మాది లిస్టీరియా మీద విరుచుకుపడుతోంది గానీ స్టెఫిలోకోకస్ ఆరియస్ మీద ఏమీ లేదు, ఇ.కోలి మీద ఎలాగూ లేదు. 100 డిగ్రీల్లో పది నిమిషాలు ఉడికించినా తగ్గలేదు. ఈ లక్షణాలన్నీ పీడియోసిన్ కుటుంబానివి: వేడికి తట్టుకునే చిన్న పెప్టైడ్లు, లిస్టీరియాకి యముళ్లు. లిస్టీరియా చక్కెర లోపలికి లాక్కునే ద్వారం ఒకటుంది, మానోజ్‌ది. ఆ ద్వారాన్నే పట్టుకుని ఇవి పొరలో రంధ్రం వేస్తాయి.

మార్చి 20

అ7ని గుర్తించే పరీక్షలు. 10 డిగ్రీల్లో పెరిగింది. 45 డిగ్రీల్లో పెరిగింది. 6.5 శాతం ఉప్పులో పెరిగింది. పీహెచ్ 9.6లో పెరిగింది. లాక్టోకోకస్ అయితే 45 డిగ్రీల్లో, ఇంత ఉప్పులో మొండికేసేది. మేడమ్ ఏమీ మాట్లాడకుండా ఒక బైల్ ఎస్క్యులిన్ స్లాంట్ (పిత్తం కలిపిన మీడియా) ఇచ్చింది. మర్నాటికి నల్లగా బొగ్గులా మారింది.

ఎంటరోకోకస్.

ఈ జాతి పేగుల్లో ఉంటుంది, పేడలో ఉంటుంది, పాలు పితికే చేతుల మీదా గిన్నెల మీదా ఉంటుంది. 60 డిగ్రీల్లో అరగంట ఉంచినా చావదు. దాలిలో కాగిన పాలల్లో మిగిలి ఉండదు కాబట్టి చేమిరిలోనే కాపురం పెట్టి ఉండాలి, రోజూ ఒక కుండలోంచి ఇంకో కుండలోకి. చెడ్డదని కాదు, మధ్యధరా దేశాల సంప్రదాయ చీజ్‌లలో ఇది మామూలే. కానీ ఇదే జాతిలో కొన్ని ఆస్పత్రుల్లో వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి కూడా లొంగకుండా ప్రాణాలు తీస్తాయి. అందుకే లాక్టోకోకస్‌కి ఇచ్చినట్టు దీనికి "సురక్షితం" అన్న ముద్ర ఎవరూ గంపగుత్తగా ఇవ్వరు.

మార్చి 24

గొర్రె రక్తం కలిపిన అగార్ మీద పెట్టాను. చుట్టూ రక్తం కరగలేదు, అంటే రక్తకణాల్ని పగలగొట్టే గుణం కనపడలేదు. 30 మైక్రోగ్రాముల వాంకోమైసిన్ డిస్క్: జోన్ 19 మిల్లీమీటర్లు. 17, ఆ పైన ఉంటే లొంగినట్టే. వాంకోమైసిన్ విషయంలో తొందరపడకుండా నిండా 24 గంటలు ఆగి చదవాలి, ఆగాను. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఏప్రిల్ 4

ప్రోటీన్లను సైజును బట్టి కరెంటుతో విడదీసే మామూలు జెల్ మీద ఇంత చిన్న పెప్టైడ్ రంగు గీతతో పాటే కిందికి జారిపోతుంది. అందుకే చిన్నవాటికి పనికొచ్చే ట్రైసిన్ జెల్ పోశాను. ఒకే శాంపిల్‌ను రెండు వైపులా నడిపి జెల్‌ను నిలువుగా సగానికి కోశాను. ఒక సగానికి రంగు. రెండో సగాన్ని ఆల్కహాల్, అసిటిక్ ఆసిడ్‌లో బిగించి, ఆ ఆసిడ్ పోయేదాకా నీళ్లు మారుస్తూ ఐదు గంటలు కడిగాను (పులుపు పాఠం మర్చిపోలేదు), ప్లేటులో పరిచి పైన లిస్టీరియా సాఫ్ట్ అగార్ పోశాను.

పొద్దున చూస్తే ప్లేటంతా లిస్టీరియా పాలమీగడలా కమ్ముకుని ఉంది, ఒక్కచోట తప్ప. 6.5 కిలోడాల్టన్ల మార్కర్‌కి కింద, 3.5కి పైన, వేలిగోరంత తేట. రంగు వేసిన సగంలో సరిగ్గా అక్కడే సన్నటి నీలి గీత. ఆ ప్లేటు పట్టుకుని కారిడార్‌లో కనపడినవాళ్లందరికీ చూపించాను. అటెండర్ బాబాయ్‌కి కూడా. "దీనికోసమా ఇన్నాళ్లూ" అన్నాడు.

ఏప్రిల్ 15

16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే జీన్) సీక్వెన్స్ వచ్చింది. ఎంటరోకోకస్ ఫీసియంతో 99 శాతం పైగా కలుస్తోంది. డ్యురాన్స్, హిరే కూడా ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి, 16ఎస్ ఒక్కటి చూసి ఈ ముగ్గుర్ని విడదీయడం కష్టం. రిపోర్టులో "ఫీసియం గుంపు" అనే రాస్తున్నాను. అ19 కూడా అదే, బహుశా ఒకే తల్లి బిడ్డలు.

రాత్రి అమ్మమ్మ ఫోన్ చేసింది. "ఏం అమ్మాయ్, నా పెరుగులో మందు దొరికిందటగా, మీ అమ్మ చెప్పింది." అవునన్నాను. "దాని పేరేంటి?" అంది. లాటిన్‌లో ఫీసియం అంటే మలానికి చెందినదని అర్థం. "ఏదో ఇంగ్లీషు పేరులే అమ్మమ్మా" అనేశాను.

ఏప్రిల్ 26

రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చాను. అ7ని 20 శాతం గ్లిసరాల్‌లో ఆరు వయల్స్ చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఎంటరోసిన్ (ఎంటరోకోకస్ చేసే బ్యాక్టీరియోసిన్) ఎ, బి, పి జీన్ల కోసం ప్రైమర్లు ఆర్డర్ పెట్టాం, ఇంకా రాలేదు. వస్తే పీసీఆర్ చేయడానికి జూన్‌లో ఒక వారం ఉండిపోతానని మేడమ్‌కి చెప్పాను. ఊరెళ్లి చేమిరి ఇంకో డబ్బా తేవాలి, బ2 సంగతి కూడా తేల్చాలి.